మా అత్త పంచిన గోలీలు

మొన్న నేతోల్ల సంఘం నుంచి నూలు వచ్చింది. దింపిన గడియల్నే వాడల లొల్లి మొదలు. "నాకన్నీ తెగే నూలు చిలపలే వచ్చినయి, మూలింటోల్లకేమో మంచియన్నీ పోయినయి" అని ఒకామె. "నీ కండ్లు మండ, నువ్వు ఏరుకునేటప్పుడు నేను చూడలేదా" అని ఇంకొకామె. జుట్లు పట్టుకునుడు ఒక్కటే తక్కువ. అరుగు మీద కూసొని తంబాకు నములుతున్న ఒక ముసలాయన, "ఆమె ఉంటెనా, ఈ పాటికి అందరు కండెలు చుట్టుకుంట కూసుందురు" అన్నడు. పేరు చెప్పలే. చెప్పే పనే లేదు. అందరు నా దిక్కు చూసిండ్రు. ఆమె అంటే మా అత్త. నేను లోపలికి వచ్చి పొయ్యి కాడ కూసున్న. పొయ్యి అంటుపెట్టకముందే కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మాది కరీంనగర్‌ల సాలోల్ల వాడ. ఆమె బతికున్నన్ని దినాలు నూలు మా ఇంటి ముందటనే దింపుతుండిరి. కొంగు నడుముకు చెక్కి, ఒక్కొక్క చిలప చేతిలకు తీసుకొని, అండ్లకెల్లి ఒక పోగు లాగి, చెవి కాడ పెట్టుకొని పుటుక్కున తెంపుతుండె. తెగిన చప్పుడును బట్టి ఏది గట్టి నూలో, ఏది పస లేని నూలో చెప్తుండె. గట్టిది ఒక కుప్ప, పస లేనిది ఒక కుప్ప. ఆనక రెండు కుప్పలల్లకెల్లి తీసి, కలిపి, ఒక్కొక్క ఇంటికి వాటా వేస్తుండె. "చెడ్డ నూలంత ఒక్కని మగ్గం మీదనే పడ్డదనుకో, వాని ఇల్లు పండుకుంటది. అన్ని మగ్గాల మీద పడ్డదనుకో, ఎవనికీ తెల్వకుంటనే పోతది" అనేది. మా ఇంటి వాటా ఆఖరుకు. పంచినోల్ల చెయ్యి ఆఖరుకే ముట్టాలన్నది ఆమె పట్టు.

నూలొక్కటే కాదు, పంచుడంటేనే ఆమెకు పండుగ. యాట కోసేది మొగోల్లు, మోదుగాకుల మీద మాంసం పోగులు పెట్టేది మాత్రం ఆమె. ప్రతి పోగుల ఒక కార్జం ముక్క, ఒక బొక్క ఉండాల్సిందే. నేను కొత్త కోడలుగ హుజూరాబాద్‌ల మా తల్లిగారింటికెల్లి గంపెడు సకినాలు, లడ్డూలు తెచ్చుకున్న. నేను చీర మార్చుకొని వచ్చేటాల్లకు గంప ఖాళీ. అన్ని చాటల కుమ్మరిచ్చి వాడంత పంచి వచ్చింది. నేను మూలకు కూసొని ఏడుస్తుంటే, "ఏంది పిల్లా, సకినాలకు ఏడుస్తవా? ఇయ్యాల వాడంత నీ సకినం తిన్నది. రేపటిసంది వాడంత నీ చుట్టమే" అన్నది. ఇంత కోపమచ్చింది నాకు. గని ఆమె మాటనే నిజమైంది. నాకు కష్టమచ్చిన నాడు వాడంత మా ఇంట్లనే ఉన్నది.

నోరు మంచిదా అంటే, అబ్బో, ఆ సంగతి అడుగకుండ్రి. నోరు తెరిస్తే శాపనార్థాలే. కొడుకునైనా, కోడలునైనా, గోడ మీది పిల్లినైనా ఒక్క తీరుగనే తిడుతుండె. తిట్లు గూడ సమంగనే పంచేది. ఆమె తిట్టకుంట ఊకున్నదంటేనే మాకు బుగులు. ఊకున్ననాడు కొంగు అంచుకు చిన్న చిన్న ముడులు వేసుకుంట కూసునేది. సాలోల్ల ఆడిదాని ముడి, ఊడదీయాలంటే ప్రాణం మీదికి వస్తది. ముడులు చూసి మేము అర్థం చేసుకునేది, ముసలామెకు ఏదో ఫికర్ పట్టుకున్నదని.

పెండ్లయిన కొన్నాళ్లకే మా ఆయనకు నెత్తురు బంక పట్టుకున్నది. మగ్గం మీద కూసున్న మనిషి నాడె అట్లనే ఇడిసిపెట్టి, చెంబు పట్టుకొని ఉరుకుతుండె. వచ్చి కూసుంటడు, మళ్ల ఉరుకుతడు. మారేడుకాయ కాల్చి పెట్టినం. దానిమ్మ తొక్కలు మరుగబెట్టి తాపినం. పోచమ్మకు మొక్కినం. కొన్నాళ్లు తగ్గుతది. ఇగ పీడ పోయిందిరా అనుకునేటాల్లకు మళ్ల వస్తది. మనిషి ఎండుకపోయిండు. అత్త కొంగు నిండ ముడులే.

ఆంధ్ర, తెలంగాణ ఒక్కటైనంక కొన్నేండ్లకు కోస్తా దిక్కుకెల్లి మా దవాఖానకు ఒక డాక్టర్ వచ్చిండు. బక్కగ, పొడుగ్గ, మెడ ముందుకు పెట్టి నడిచే మనిషి. మా ఆయనను పండుకోబెట్టి, గొట్టం పెట్టి లోపల చూసి, అత్తను పిలిచి చెప్పిండు. "ఇది మామూలు బంక కాదమ్మా. పెద్దపేగు లోపల పుండ్లు పడ్డాయి. పూర్తిగా పోయే జబ్బు కాదిది. పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. లేవకుండా పడుకోబెట్టడమే మన పని."

"పడుకోబెట్టే మందు ఉన్నదా సార్?" అన్నది అత్త.

"ఉందనే అనుకుంటున్నాను. అదే తేల్చాలి."

సంగతి ఏందంటే, బయటి దేశాలల్ల గీ రోగానికి పసుపుపచ్చ గోలీలు ఇస్తుండ్రట. మన దిక్కు మనుషులకు అవి పని చేస్తయా లేదా అని పట్నం పెద్ద దవాఖానోల్లు పరీక్ష పెట్టుకున్నరట. మా డాక్టర్ "కరీంనగర్‌లో నేను చూస్తాను" అని ముందట పడ్డడు. గీ రోగమున్నోల్లను చుట్టుపక్కల వెతికి వెతికి పట్టుకొచ్చిండు. లక్సెట్టిపేట నుంచి ఒకామె, చంకల చంటిపిల్ల. బొగ్గుబావిల పని చేసేటాయన ఒకడు. హుజూరాబాద్ సేటు ఒకాయన. ఇంకా కొందరు. అందరు అంగడి రోజు బస్సులు దిగి రావాలె, చూపిచ్చుకోవాలె, గోలీల డబ్బలు తీసుకొని పోవాలె.

మా ఇల్లు దవాఖాన గోడకు ఎదురుంగనే. రోగపు మనుషులు ఎండల నిలవడుడు చూడలేక అత్త అందర్నీ మా అరుగు మీదికి పిలిచింది. పిలిచినంక ఊకుంటదా? జొన్న గట్కల సల్ల పోసి తలా ఇంత పెట్టింది. గట్ల మా అరుగు సగం దవాఖాన అయిపోయింది.

డాక్టర్ అడిగేవి ఎప్పుడూ గవే ప్రశ్నలు. ఎన్నిసార్లు వెళ్లావు? నెత్తురు పడిందా? నిద్రలోంచి లేపిందా? తిన్నది ఇముడుతుందా? మనోల్ల సంగతి తెలిసిందే గద. అంత పెద్దమనిషి దగ్గర కూసొని అడుగుతుంటే, బాగలేదని మొకం మీద ఎట్లంటరు? "మీ దయ సార్, బాగనే ఉన్న" అంటరు. ఒకనాడు బొగ్గుబావాయన గట్లనే అన్నడు. అత్త గట్క గంటె పట్టుకొనే వచ్చింది.

"ఏం బాగున్నవ్‌రా నీ బొంద! పొద్దుగాలసంది మా దొడ్లెకు ఎన్నిమార్లు పోయినవో నేను చూడలేదా? సార్ ముందట సిగ్గు, ఇంటికి పోయినంక ఏడుపు. చెప్పు, నెత్తురు పడ్డదా లేదా?"

బావాయన తల వంచుకొని "పడ్డది అవ్వా" అన్నడు. డాక్టర్ నవ్వి, "అమ్మా, మీరుంటే నాకు సగం పని తప్పుతుంది" అన్నడు. ఆ మాటకు మా అత్త ఎంత మురిసిందో! అప్పటిసంది ఎవరొచ్చినా డాక్టర్‌కన్న ముందు ఆమెనే అడుగుతుండె, ఆయన మాట తీరుగనే మెడ ముందుకు పెట్టి, "నిద్రలోంచి లేపిందా?" అని. రోగులు నొప్పులు మర్చిపోయి నవ్వుతుండిరి. బరువు తూసే దవాఖాన మిషను చెడిపోతే, మా నూలు కాంటల ఒక దిక్కు బాట్లు, ఒక దిక్కు మనిషిని కూసోబెట్టి తూచిండ్రు. సేటు కూసుంటే తాడు తెగుతదేమో అని అత్త కేకలు పెట్టింది.

అన్నిటికన్న ఆమెను కట్టిపడేసింది నెత్తురు పరీక్ష. నెత్తురు తీసి సన్నటి గాజు గొట్టంల పోసి నిలవెడుతుండిరి. కొంత సేపటికి ఎర్రది కిందికి దిగి పైన తేట మిగులుతది. ఎంత జల్ది దిగితే లోపల రోగం అంత మంట మీదున్నట్టట. అత్తకు డాక్టర్ ఒక్కసారి చెప్పిండు, అంతే. కొడుకు నెత్తురు గొట్టంల పోసిన ప్రతిసారీ పోయి కిటికీ కాడ నిలవడుతుండె. "దిగకు తల్లీ, జర ఆగు, దిగకు" అని ఆ నెత్తురును బతిమిలాడుతుండె. నేను పక్కన నిలవడి ఆమె చెయ్యి పట్టుకుంటుంటి. ఆ చెయ్యి పట్టుకోకుంటే నేను గూడ ఏడుద్దును.

గోలీల డబ్బల మీద ఎవల పేరు వాల్లకు రాసి వస్తుండె. "ఎవరి డబ్బా వాళ్లదే. ఒకరివి ఒకరు మింగకూడదు" అని డాక్టర్ గట్టిగనే చెప్పిండు. ఎందుకు మింగొద్దో చెప్పలే. మొదటి డబ్బ అయిపోయేటాల్లకు మా ఆయనకు జర గుణం కనబడ్డది. నెత్తురు తగ్గింది, మగ్గం మీద కూసున్నడు. హుజూరాబాద్ సేటుకు గూడ మంచిగుండె. బావాయనకు ఏం లేదు. లక్సెట్టిపేటామెకు అసలే లేదు. పాలు ఎండిపోయినయి, చంకల పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఒక అంగడి రోజు ఆమె మా అరుగు మీద కూలవడి, "అందరికీ పట్టిన మందు నాకెందుకు పట్టదవ్వా? నేనేం పాపం జేసిన?" అని గుండెలు బాదుకున్నది.

అత్త లోపలికి పోయి చాట తెచ్చింది. మా ఆయన డబ్బనే మొట్టమొదలు అండ్ల కుమ్మరిచ్చింది.

"తెండ్రి, అందరి డబ్బలు తెండ్రి. ఒక డబ్బల మంచి సరుకు పడ్డది, ఒక డబ్బల పస లేనిది పడ్డది. నూలు రాదా గట్ల? గింత దానికి ఒక్క ఆడిదాన్ని చంపుకుంటమా?"

సేటు డబ్బ గట్టిగ పట్టుకున్నడు. "నాకు గుణమున్నది. నేనెందుకియ్యాలె?"

"గుణమున్నదనే గద అడుగుతున్న. లేనోల్లను అడిగి ఏం జేసుకోను?" అన్నది. ఆమె చూపుకు సేటు చెయ్యి దానంతటదే వదులైంది.

బావాయన మెల్లగ, "డాక్టర్ సాబ్ వద్దన్నడు గద అవ్వా" అన్నడు.

"సంఘం గుమాస్త గూడ ఎవల చిలపలు వాల్లయే అంటడు. ఆయన మగ్గం నేస్తడా? మందు ఇచ్చుడు సార్ పని. పంచుకొని బతుకుడు మన పని."

రంగు ఒక్కటే, సైజు ఒక్కటే. చాటల కలిసినంక ఏది ఎవరిదో దేవునికి గూడ తెల్వది. రెండు చేతులతోటి కలిపి, వాటాలు వేసి, ఎవల డబ్బ వాల్లకు నింపి ఇచ్చింది. మా ఆయన డబ్బ ఆఖరుకు. ఆనాటిసంది ప్రతి అంగడి రోజు గదే పని. డాక్టర్ దగ్గర డబ్బలు తీసుకొని అరుగు మీదికి వచ్చుడు, చాటల పోసుడు, పంచుకునుడు. ఎవ్వరు డాక్టర్‌కు చెప్పలే. దాచాలని కాదు. చెప్పేంత సంగతి అని ఎవరికీ తట్టలే.

లక్సెట్టిపేటామె మెల్లమెల్లగ లేచింది. బుగ్గలు వచ్చినయి. ఒకనాడు వచ్చి అత్త ఒళ్లె పిల్లను పడేసి, "ఇది నీ బిడ్డనే అవ్వా" అన్నది. అత్త ఆ పిల్లను తిట్టుకుంట ముద్దు పెట్టుకున్నది. డాక్టర్ మాత్రం పరేషాన్‌ల పడ్డడు. "అందరూ కొంచెం బాగుపడ్డారు. ఒక్కరూ పూర్తిగా బాగుపడరు, ఒక్కరూ పూర్తిగా చెడరు. ఇదేమిటో నాకు బోధపడటం లేదు" అని తనల తాను అనుకుంట తిరుగుతుండె. మాకు ఆయన బాధ అర్థం కాలే. అందరికి ఇంత బాగైతే ఏడుపెందుకు అనుకున్నం.

ఒక అంగడి రోజు ఆయన డబ్బలు లేకుంట, ఉత్త చేతులతోటి మా అరుగు మీదికి వచ్చి కూసున్నడు.

"ఇవాళ్టితో ఆఖరమ్మా. ఇక గోలీలు రావు."

"ఎందుకు రావు?" అన్నది అత్త.

"ఇక్కడి లెక్కలు చూసి, ఈ మందుకు పస లేదని పట్నంలో తేల్చారు. మందు తిన్నవాళ్లకీ తిననివాళ్లకీ ఏమీ తేడా లేదు."

అత్త నడుము మీద చేతులు పెట్టుకున్నది. "తిననోల్లు ఎవలు సార్? అందరు తిన్నరు. పస లేదంటవేంది? అందరికీ సమంగ పట్టింది. సమంగ పట్టేటట్టు నేనే గద పంచిన!"

"పంచడమేమిటి?"

ఆమె ఎంత సంబురంగ చెప్పిందో! చాట తెచ్చి చూపిచ్చింది. గిట్ల పోసిన, గిట్ల కలిపిన, గిట్ల వాటా వేసిన అని. మెచ్చుకుంటడనే అనుకున్నది పిచ్చి ముసల్ది. డాక్టర్ మొకంల నెత్తురు చుక్క లేదు. కండ్లద్దాలు తీసి, మళ్ల పెట్టుకొని, మళ్ల తీసిండు. మెల్లగ చెప్పిండు. సగం మందికి అసలు మందు ఇచ్చిండ్రట. సగం మందికి అదే రంగు, అదే రూపున్న ఉత్త గోలీలు ఇచ్చిండ్రట. రెండు రకాలోల్లను పక్కపక్కన పెట్టి చూస్తేనే మందు పని చేస్తుందో లేదో తెలుస్తదట. ఇప్పుడు అందరు అన్నీ తిన్నరు. ఇగ చూసేటందుకు ఏమీ మిగులలే.

ఆఖరుకు అత్తనే అడిగింది.

"ఉత్తయని తెలిసే ఇచ్చినవా సార్?"

"ఎవరికి ఏది వెళ్లిందో నాకూ తెలియదమ్మా. పట్నంలోనే కట్టి పంపుతారు. తెలిస్తే నా కన్ను ఒకవైపు మొగ్గుతుందని నాకు కూడా చెప్పరు."

"గదంత నాకు ఎరుకనా? ఒక్క మాట చెప్తే నేను ముట్టుకుందునా సార్?"

డాక్టర్ తల వంచుకున్నడు. "చెప్పాల్సింది" అన్నడు. "ఎవరి డబ్బా వాళ్లదే అంటే చాలనుకున్నాను."

ఆయన ఊకోలే పాపం. పట్నం పోయి, చెడింది మందు కాదు, మా పరీక్ష చెడింది, మళ్ల మొదటిసంది చెయ్యనియ్యుండ్రి అని మొత్తుకున్నడట. వాల్లు వినలే. రోగులను అదుపుల పెట్టుకోలేనోనికి మళ్ల ఇచ్చేది లేదన్నరట. ఆ మందు మన దిక్కు దుకాణాలల్ల దొరికేది కాదు. అంగడి రోజు బస్సులు దిగుడు బందైంది. లక్సెట్టిపేటామె మళ్ల రాలే. ఉన్నదో పోయిందో, ఆ పిల్ల ఏమైందో ఇప్పటికీ నాకు ఎరుక లేదు.

అత్త ఆ దినంసంది ఒక్కటే లెక్క వేసుకున్నది. "మావానికి మొదటి డబ్బతోనే గుణమచ్చింది గద పిల్లా. నేను ఇంకా చాటల కలుపకముందే వచ్చింది గద. అంటే వానిది అసలు మందే. నా కొడుకు మందు తీసి నేను మందికి పోసి, వానికి పొట్టు తినబెట్టిన." నేను కాదన్న. గట్లెట్ల చెప్తవ్ అత్తా, డాక్టర్‌కే తెల్వదంట గద అన్న. ఆమె వినలే. కొంగుకు ముడులు గూడ వేయలే. అది చూసి నాకు ఇంకా భయమైంది.

గోలీలు బందైనంక కొన్నాళ్లకే మా ఆయనకు రోగం లేచింది. ఈసారి లేచింది మామూలుగ కాదు. ఆ నడుమనే డాక్టర్‌ను ఆదిలాబాద్ దిక్కు బదిలీ చేసిండ్రు. అయినా ఎట్ల తెలిసిందో, ఒకనాడు మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికే వచ్చిండు. పట్నంల ఎవరో దోస్తు దగ్గర దొరికినయని గోలీలు ఒక చిన్న సీసల తెచ్చిండు. ఆయన గొంతు వినవడంగనే అత్త దిగ్గున లేచి లోపలికి పోయింది. నేను పోయి పిలిస్తే, "నా మొకం ఆయనకెట్ల చూపియ్యాలె? ఆయన కష్టమంత చాటల పోసి చెరిగిన. నేను రాను" అని గుసగుసగ అన్నది. డాక్టర్ మా ఆయన నాడి పట్టుకొని, రెప్ప కిందికి లాగి చూసి, చాన సేపు మంచం పక్కన కూసున్నడు. లోపలి దిక్కు చూసిండు. ఏదో అననీకి నోరు తెరిచి, మళ్ల మూసుకున్నడు. "నీళ్లు పట్టిస్తూ ఉండండమ్మా" అని నాకు చెప్పి పోయిండు. ఆ సీస ఎంతకాలం వస్తది? మా ఆయన పోయిండు. మగ్గం మీద సగం నేసిన బట్ట అట్లనే ఉండె. దాన్ని పూర్తి చేసే చెయ్యి మా ఇంట్ల లేకపాయె.

ఆ తర్వాత మా అత్త ఏదీ పంచలే. నూలు వచ్చి మా ముందట దిగితే తలుపు దగ్గరికి వేసుకున్నది. వాడోల్లు వచ్చి కాళ్లు మొక్కినా, "నా చెయ్యి మంచిది కాదు, మీరు మీరే చూసుకోండ్రి" అన్నది. యాట పోగుల కాడికి పోలే. ఇంట్ల కూర గిన్నె దించితే గంటె నా చేతిలనే పెడుతుండె, "నువ్వే వెయ్యి పిల్లా" అని. ఒకసారి నేను కావాలని, ఆమె ఊరటకని, సీతాఫలాల గంప ముందట పెట్టి "పంచి పెట్టు అత్తా" అన్న. చెయ్యి పెట్టింది. ఒక్క పండు తీసింది. ఎవలకియ్యాల్నో తెల్వనట్టు దాన్నే చూసుకుంట కూసున్నది. నాకు ఏడుపు ఆగలే. గంప తీసుకొని లోపలికి పోయిన.

తిట్టుడు గూడ మానేసింది. ఆమె తిట్లు లేని ఇంట్ల ఎట్ల బతుకుడో నాకు అర్థం కాలే. ఆఖరు దినాలల్ల మంచం మీద పండుకొని ఒక్కటే మాట. "వాని గోలీలు వానికే ఇడిసిపెడితే బతుకుతుండెనా పిల్లా?" నేను ఒకనాడు రాత అంటిని. ఒకనాడు దేవుని మీదికి తోస్తిని. ఇంకొకనాడు కోపమచ్చి, "బతుకకపోతుండె అత్తా, ఇగ ఊకో" అని అరిసిన. ఆమె గోడ దిక్కు తిరిగింది. "అది నీకెట్ల ఎరుక?" అన్నది. గట్లనే ఆ ప్రశ్నతోటే పోయింది.

పోయిన ఏడు మా తమ్ముని కొడుకుకు అక్షరాభ్యాసమని బాసర పోయినం. గోదారిల స్నానం చేసి మెట్లెక్కుతుంటే, పై మెట్టు మీద ఒక మనిషి మెడ ముందుకు పెట్టి నిలవడి ఉన్నడు. జుట్టు పల్చబడ్డది గని, ఆ మెడను నేనెట్ల మర్చిపోత? డాక్టరే. చుట్టపోల్ల పిల్ల అక్షరాభ్యాసానికే వచ్చిండట. నన్ను గుర్తుపట్టిండు. ముందు మా ఆయన మాట ఎత్తి, తెలిసింది, చాలా బాధపడ్డాను అన్నడు. ఆనక అడిగిండు.

"మీ అత్తగారు ఎలా ఉన్నారమ్మా?"

"పోయింది సార్."

"అయ్యో. ఏమైంది?"

ఏమని చెప్పాలె? రోగమా, నొప్పా? ఉన్నది ఉన్నట్టే చెప్పిన. కొడుకు అసలు మందును తన చేతులతోటే చాటల కలిపి పాడు చేసిన అన్న బాధతోటే పోయింది సార్ అన్న. ఏదీ పంచుడే మానేసింది, కూర గంటె గూడ ముట్టలే అన్న. ఆయన పక్కనున్న గద్దె మీద కూసున్నడు.

"అసలు మందా? మీ ఆయనకు ఇచ్చింది అసలు మందు కాదమ్మా. ఆయనది ఉత్త గోలీల డబ్బా."

నాకు చెవులల్ల గోదారి హోరే వినవడ్డది. "మొదట్ల గుణమచ్చింది గద సార్?"

"ఆ జబ్బు తీరే అంత. కొన్నాళ్లు దానంతటదే పడుకుంటుంది. లెక్కలు ముగిశాక ఎవరికి ఏది వెళ్లిందో పట్నంలో చెప్పారు. మీ ఆయనది మొదటి రోజు నుంచీ ఉత్తదే. నేను సీసా తెచ్చేదాకా ఆయన ఒంట్లోకి నిజమైన మందు అంటూ వెళ్లింది మీ అత్తగారి చాటలోంచే. ఆవిడ కలపకపోతే ఆయనకు అది కూడా దక్కేది కాదు. నేను ఇవ్వని మందు ఆవిడ ఇచ్చింది."

ఎన్ని దినాలు ఆమె మంచం పట్టె మీద కూసొని గా ఒక్క జవాబు కోసం దేవులాడిన! గింత చిన్న మాట. ఇది ఆమె చెవిల పడుంటే చాలు, మా అత్త లేచి కూసొని నన్ను నాలుగు తిట్టి అన్నం అడిగేది.

"మీకిది ఎప్పటిసంది ఎరుక సార్?"

"మీ ఇంటికి సీసా పట్టుకొని వచ్చిన రోజుకే తెలుసు." అన్నడాయన. "చెబుదామనే వచ్చానమ్మా. నన్ను చూసి ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. ఉత్త గోలీలు ఇచ్చినవాణ్ని, నా ముఖం చూడటం ఇష్టం లేదనుకున్నాను. కొడుకు మంచంలో ఉంటే, మీవాడికే ఉత్తవి ఇచ్చాననే మాట ఏ నోటితో చెప్పను? ఇంకో దెబ్బ కొట్టినట్టవుతుందని లేచి వచ్చేశాను."

"ఆమె నడింట్లకు పోలే సార్" అన్న. "దర్వాజ ఎనుకనే నిలవడ్డది. మీ నోట ఒక్క మాటన్న వినవడుతదేమో అని, మీరు పోయేదాక గక్కడనే నిలవడ్డది."